పెచ్చులూడిన పుష్పకం

తెలుగు మేస్టారికి ఏ వస్తువు ఉండవచ్చునో, ఏది ఉండకూడదో లోకం ఎప్పుడో నిర్ణయించి పెట్టింది. కళ్ళజోడు ఉండవచ్చు. చేతిసంచీ ఉండవచ్చు. స్కూటరుంటే తప్పు లేదు. కాలం మారింది కనక, బ్యాంకు అప్పు మీద కొన్న చిన్న కారును కూడా క్షమిస్తారు. కాని రెండే సీట్లుండి, నేలను రాసుకుంటున్నట్టు పరుగెత్తే ఎర్రటి స్పోర్ట్సు కారు ఉండవచ్చునా అంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. మా స్టాఫురూములో ఈ సంగతి పొక్కినరోజున కామర్సు మిత్రుడొకడు, "మేం కొంటే దుబారా అంటారు. మీరు కొంటే ఏమంటారో ఆ మాట మీ నిఘంటువులోనే వెతుక్కోవాలి" అన్నాడు.

మూడు వారాలుగా నాది ఇదే ఆలోచన. విజయవాడ ఆటోనగరులో ఒక షెడ్డులో, టార్పాలిను కింద, శాన్ స్టార్మ్ ఒకటి అమ్మకానికి ఉంది. నేనుండే గుంటూరు నుంచి అక్కడికి గంట పైన ప్రయాణం. మూడు ఆదివారాలూ వెళ్ళి చూసి వచ్చాను. పెళ్ళిచూపులకు కూడా ఒక్కసారే వెళ్ళానని మా ఆవిడ గుర్తు చేసింది.

ఈ కారు పేరు వినని వారికి రెండు మాటలు చెప్పాలి. ఇది విదేశపు బండి కాదు. మన గోవాలో తయారైంది. ఇప్పుడు తయారు కావడం లేదు. నెలజీతం మీద బతికేవాడు కూడా కలగనడానికి వీలున్న స్పోర్ట్సు కార్లు మన దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, వాటిలో ఇదొకటి. ఇంజను ఫ్రాన్సువారి రెనో కంపెనీది. 1149 సి.సి., 60 గుర్రాల బలం. ఈ రోజుల్లో మా వీధిలో కూరగాయలకు వెళ్ళే కార్లకు కూడా అంతకంటే ఎక్కువ గుర్రాలే ఉంటున్నాయి. అయితే ఈ బండి ఒళ్ళు ఇనుపరేకు కాదు, ఫైబరు. గాజు నూలును జిగురుమందులో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరిచి, గట్టిపడనిచ్చి తీసిన ఒళ్ళు. అమెరికాలో షెవ్రొలే కంపెనీ వారు 1953లో కార్వెట్ అనే స్పోర్ట్సు కారును మొట్టమొదట తెచ్చినప్పుడు ఇలాగే గాజునూలుతో చేశారు. ఆ ఏడాది చేసినవి 300 కార్లు, అన్నీ తెల్లవే.

నేను చూసినది ఎర్రది. ఎర్రది అని అమ్మేవాడంటున్నాడు. బానెట్టు మీద పైపూత పొరలు పొరలుగా లేచిపోయి, దాని కింద ఎరుపు ఎండకు వెలిసి గులాబీరంగుకు దిగింది. ఎడమ చక్రం పైభాగం ఎవరో మళ్ళీ రంగు వేయించినట్టుంది. అది కుంకుమ ఎరుపు, తలుపు ఇటుక ఎరుపు. దీపాల చుట్టూ సాలెగూడులాగా సన్నటి నెరియలు. ఫోనులో బొమ్మ చూపిస్తే మా అమ్మ, "ఇదేమిట్రా, తడిసిన గోడలాగా పెచ్చులూడిపోయింది?" అంది.

అడిగిన ధర 3,25,000. బేరగాడి మాట ఒకటే: "పెయింటు ఒక్కటే మేస్టారూ. మిగతాదంతా బంగారం."

ఈ "ఒక్కటే" అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. సంబంధాల విషయంలోనూ, పాత ఇళ్ళ విషయంలోనూ, పాత బళ్ళ విషయంలోనూ అమ్మేవాడు ఒప్పుకునే లోపం ఎప్పుడూ ఒక్కటే. అది కంటికి కనిపించే లోపం. కనిపిస్తున్నది గనక దాచలేడు. దాన్ని ముందే ఒప్పేసుకుంటే మనకు అతని నిజాయితీ మీద గురి కుదురుతుంది; ఇక రెండో లోపం కోసం వెతకం. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాని ఆ సామెత పైన పటారం ఉన్నవాటి సంగతే చెప్పింది. పైన కూడా లొటారంగా ఉన్నదాని లోపల ఏముందో చెప్పలేదు.

అందుకని రెండో ఆదివారం ఇద్దరిని వెంటబెట్టుకు వెళ్ళాను. ఒకరు మా ఫిజిక్సు మిత్రుడు. రెండోవారు ఆటోనగరులోనే ముప్ఫై ఏళ్ళుగా కార్లకు రంగులు వేస్తున్న పెద్దాయన. అందరూ ఆయన్ను పెయింటు మేస్త్రీ అంటారు. ఫిజిక్సు మిత్రుడు జేబులో అయస్కాంతం తెచ్చాడు. రేకుబండికి అది మంచి పరీక్షే. సొట్టపడినచోట లప్పం దట్టించి పైన రంగు కొడితే కంటికి తెలియదు గాని, అయస్కాంతం అక్కడ అతుక్కోదు. ఆయన బానెట్టుకు ఆనించాడు, జారింది. తలుపుకు ఆనించాడు, జారింది. కప్పుకు ఆనించాడు, కిందపడి దొర్లిపోయింది. మేస్త్రీ వంగి దాన్ని తీసి ఇస్తూ, "ఈ బండికి ఎక్కడా అంటదు బాబూ, ఇది ఫైబరు. దీన్ని కుండను చూసినట్టు చూడాలి" అన్నాడు.

ఆయన చూసిన తీరు నిజంగా కుండను చూసినట్టే ఉంది. వేలి కణుపుతో ఒళ్ళంతా తట్టుకుంటూ వచ్చాడు. తలుపు దగ్గర టక్కుమంది. కుంకుమ ఎరుపు దగ్గరకు వచ్చేసరికి మొద్దుగా, నానిన చెక్క మీద కొట్టినట్టు చప్పుడైంది. "ఇక్కడ దెబ్బ తగిలింది. పీచు అతకకుండా లప్పం పెట్టి తేల్చేశారు" అన్నాడు.

అప్పుడాయన చెప్పిన పాఠం మా క్లాసులో నేను చెప్పే ఏ పాఠానికీ తీసిపోదు. ఫైబరుకు తుప్పు పట్టదు, అది దాని సుగుణం. కాని అది రేకులాగా సొట్టపోదు, చిట్లుతుంది. ఆ చిట్లడంలో రెండు రకాలు. రంగు మటుకే నెరియ విచ్చింది ఒకటి. నెరియ లోపలి పీచు దాకా దిగింది ఇంకొకటి. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటిదాన్ని గీకి, నునుపు చేసి, రంగు వేస్తే సరిపోతుంది. రెండోదానికి లప్పం పెట్టి రంగు కొడితే, బండి నడిచేటప్పుడు పుట్టే అదురుకు కొద్దినెలల్లోనే అదే నెరియ మళ్ళీ తేలుతుంది. దాన్ని లోతుగా అరగదీసి, కొత్త పీచూ జిగురుమందూ పొరలుగా పరిచి, పూర్తిగా గట్టిపడనిచ్చి, ఆపైన రంగు సంగతి చూడాలి. రేకుబండికి వాడే రంగు కరిగించే మందు దీనికి పూస్తే రంగుతోపాటు ఒళ్ళూ దెబ్బతినవచ్చు. చేత్తో గీకవలసిందే. అందుకే కూలి ఎక్కువ.

"రంగు చివరి పని మేస్టారూ. అందరూ మొదటి పని అనుకుంటారు" అన్నాడు.

ఆ తరవాత నేలమీద గోనెపట్టా పరిచి బండి కిందికి దూరాడు. ఒళ్ళు ఫైబరైనా కిందనున్న చట్రం ఇనుమే గదా. తుప్పు దాక్కునే చోటు అదే. కాసేపటికి బయటికి వచ్చి, పైపై తుప్పే ఉందనీ, తినేసిన చోటు ఏదీ లేదనీ, గీకి మందు పూస్తే చాలుననీ చెప్పాడు. ఇంజను శబ్దం మాత్రం ఆయనకు నచ్చింది.

చివరికి లెక్క తేల్చాడు. బండి అంతా గీకి, నెరియలన్నీ బాగుచేసి, కొత్తగా ఎరుపు వేసి, పైపూత పూసి ఇవ్వడానికి 1,10,000. ప్రమాదమైన నెరియలు మటుకు సరిగా అతికి, చట్రానికి మందు పూసి, రంగు జోలికి పోకుండా వదిలేస్తే 25,000.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. నా దగ్గర ఉన్నది 4,50,000. అయిదారేళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బూ, అవీ ఇవీ కలిపి విడిగా దాచినది. దీనికి హక్కుదారు ఒకటి ముందే ఉంది. వంటింటి వెనక వరండాకు కప్పు లేదు. వానాకాలం వస్తే మా ఆవిడ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో అంట్లగిన్నె పట్టుకుని కొళాయి దగ్గరికి వెళుతుంది. కప్పు వేయిస్తానని నేను మాటిచ్చి ఎన్ని వానాకాలాలు గడిచాయో ఆవిడ లెక్కపెట్టడం మానేసింది. లెక్కపెట్టినప్పుడే నయం, భయం ఉండేది. కారు ధర, రంగు ఖర్చు, కాగితాల ఖర్చు కలిపితే నా దాపు మొత్తం అయిపోయి, ఇంకా కొంత తక్కువపడి, వరండా మీద ఆకాశం అలాగే ఉండిపోతుంది.

కాగితాల ఖర్చు చిన్నది కాదు. బండి కర్ణాటకది. అక్కడి రవాణా కార్యాలయం నుంచి 28వ నంబరు ఫారం మీద ఎన్.ఓ.సి. తేవాలి. పేరు మార్పుకు 29, 30 నంబర్ల ఫారాలు. ఇక్కడ మన రాష్ట్రపు జీవితకాలపు పన్ను మళ్ళీ కట్టాలి. పదిహేనేళ్ళు దాటిన బండి గనక అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఎరుపు విసుగెత్తి నీలం వేయిద్దామా అంటే, రంగు కూడా రిజిస్ట్రేషను పుస్తకంలో రాసి ఉంటుంది. అది మార్పించడానికి మరో అర్జీ. ఇవన్నీ కలిపి 30,000 పక్కన పెట్టుకున్నాను.

ఇంట్లో సభ జరిగింది. పుష్పకవిమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదని చిన్నప్పటినుంచీ వింటున్నాం. మా పుష్పకం దానికి సరిగ్గా తలకిందులు. ఇంట్లో ఉన్నది నలుగురం, అందులో చోటు ఇద్దరికి. ఎప్పుడు బయలుదేరినా ఇద్దరు గుమ్మంలో నిలబడి చూడవలసిందే.

"ఇంత డబ్బూ పోసి ఇద్దరికేనా?" అంది అమ్మ.

"నానమ్మా, వీటిని అందుకే కొంటారు" అంది మా అమ్మాయి. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, ఈమధ్యే లైసెన్సు వచ్చింది. దాని ఉత్సాహం నామీద ప్రేమవల్ల మాత్రమే కాదని నాకు తెలుసు.

మా ఆవిడ అంతా విని, చాలాసేపటికి ఒక ప్రశ్న వేసింది. "ఏమండీ, బండి నడుపుతున్నప్పుడు దాని రంగు మీకు కనిపిస్తుందా?"

కనిపించదు. సీట్లో కూర్చున్నవాడికి రోడ్డు కనిపిస్తుంది, చక్రం కనిపిస్తుంది, మహా అయితే బానెట్టు కొస కనిపిస్తుంది. రంగు కనిపించేది రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళకు.

"మరి ఆ 1,10,000 ఎవరికోసం?" అంది.

నేను తెలుగులో ఎమ్.ఏ. చేసి, పాతికేళ్ళుగా మాటలతోనే బతుకుతున్నాను. ఆ ప్రశ్నకు మాత్రం వెంటనే మాట దొరకలేదు. రాత్రి పడుకుని ఆలోచించాను. నాకు కావలసింది ఏమిటి? నేలకు దగ్గరగా కూర్చుని, చిన్న ఇంజను గొంతు వింటూ, తెల్లవారుజామున అమరావతి రోడ్డు మీద పోవడమా? లేక స్టాఫురూము కిటికీలోంచి పదిమంది తలలు బయటికి రావడమా? మొదటిదానికి రంగుతో పని లేదు. రెండోదానికి ఏ రంగూ చాలదు. కొత్తగా ఉన్నంతకాలం తలలు వస్తాయి. ఆపైన ఇంకో కారు కావాలి.

కాబట్టి పాత స్పోర్ట్సు కారు కొనదలచిన సోదరులకు నాకు తోచిన కొలబద్ద ఇది. ఈ పెచ్చులతోనే ఒక ఏడాది ఊళ్ళో తిరగగలనా అని తమను తాము అడిగి చూసుకోవాలి. తిరగగలిగితే కొనవచ్చు. తిరగలేమనిపిస్తే మనకు కావలసింది ఆ కారు కాదు, దాని మెరుపు. మెరుపును అంత డబ్బు పెట్టి కొనకూడదు. కొనదలిస్తే వరస మటుకు తప్పకూడదు: ముందు కాగితాలు, తరవాత చట్రం, ఆ తరవాత నెరియలు. రంగు అన్నిటికంటే చివర, అప్పటికీ మనసుంటే.

మూడో ఆదివారం బేరగాడితో ఈ వరసలోనే మాట్లాడాను. తట్టితే మొద్దుగా పలికిన చోటు చూపించాను. అతను మేస్త్రీ ముఖం చూసి, నా ముఖం చూసి, ఎట్టకేలకు 2,90,000కు దిగాడు. 25,000 నెరియలకూ చట్రానికీ. 30,000 కాగితాలకూ పన్నుకూ. వరండా కప్పుకు 1,00,000. మొత్తం 4,45,000. మిగిలిన 5,000 పెట్రోలుకు.

రెండో సీటు ఎవరిదన్న విషయంలో ఇంకా రాజీ కుదరలేదు. మొదటిసారి అత్తయ్యగారిని అమరావతి తీసుకువెళ్ళండని మా ఆవిడ అంటోంది. అంత కిందికి మోకాళ్ళు వంగవని అమ్మ అంటోంది. ముందు వెనక్కి తిరిగి కూర్చుని, ఆ తరవాత కాళ్ళు లోపలికి తిప్పుకోవచ్చునని అమ్మాయి రోజూ కుర్చీ మీద అమ్మ చేత అభ్యాసం చేయిస్తోంది. నిన్నటికి బాగానే వచ్చింది.

ఎన్.ఓ.సి. నా కళ్ళతో చూసేదాకా అడ్వాన్సు ఇవ్వనని బేరగాడికి చెప్పాను. వారంలో తెస్తానన్నాడు. వరండా మేస్త్రీని మాత్రం ఆదివారం పొద్దున్నే వచ్చి కొలతలు తీసుకోమన్నాం.