బండి వచ్చేసింది

చిన్నప్పుడు కరెంటు పోతే నాన్న చుట్టూ చేరేవాళ్లం. ఎక్కడ చదివారో గానీ, ఒక కథ పదేపదే చెప్పేవారు. రైల్వేస్టేషన్‌లో బండికోసం ఎదురుచూస్తూ ఓ పెద్దమనిషి తన అనుభవం చెబుతుంటాడు. నిజాం కొలువులో పత్తి సుంకం వసూలుచేసే ఉద్యోగం. నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి భవనంలో బస. చీకటిపడితే గజ్జెల చప్పుడు. చూస్తే ఎవరూ ఉండరు! అసలు రహస్యం చెప్పబోయే సమయానికి ‘బండి వచ్చేసింది, ఇక పడుకోండి’ అనేవారు నాన్న.

‘నీకసలు ముగింపు తెలీదు’ అని పోట్లాడేదాన్ని. నవ్వి ఊరుకునేవారు.

2011లో వాండర్‌మీర్ దంపతులు వింత కథలన్నీ ఏర్చికూర్చి ‘ది వియర్డ్’ అనే సంకలనం తెస్తున్నారని తెలిసింది. వందకు పైగా కథలు, వెయ్యి దాటిన పేజీలు. కాఫ్కా, అకుతగావాల సరసన మన రవీంద్రుడు! కథ 1895 నాటి ‘క్షుధిత పాషాణం’. నిజాం కొలువు, పాలరాతి భవనం అనగానే గుర్తుపట్టాను. నాన్న దాచిన ముగింపు దొరుకుతుందని రోజులు లెక్కపెట్టాను.

పుస్తకం రాగానే ముందు ఆ పేజీలే తిప్పాను. చివర్లో అక్కడా బండి వచ్చేసింది! రవీంద్రుడే ముగింపు చెప్పలేదు.

‘తప్పయింది నాన్నా’ అని ఫోన్ చేద్దామంటే, ఆయన పోయి అప్పటికే రెండేళ్లు.

ఇప్పుడు మా మనవరాలికి ఆ కథ చెబుతూ నేనూ అక్కడే ఆపుతున్నాను. ‘నీకు తెలీదులే అమ్మమ్మా’ అంటుంది. నవ్వి ఊరుకుంటాను.