ముందే పెట్టిన టిక్కు

కంప్యూటర్లో కొత్త ప్రోగ్రామ్ ఏదైనా వేసుకునేటప్పుడు మనలో చాలామందిమి నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని నొక్కుకుంటూ పోతాం. పొయ్యి మీద పప్పు, హాల్లో పిల్లల గోల. ఆ తెరలన్నీ చదివే తీరిక ఎక్కడిది? మీరు చదవరని తెలిసే, వాటి వెనక కూర్చుని మీ తరఫున కొన్ని నిర్ణయాలు తీసుకునే మనిషి ఒకరుంటారు. నా ఉద్యోగం అదే.

హెచ్4 వీసా మీద అమెరికా వచ్చిన నాలాంటి వాళ్లలో కొందరికి 2015లో పని చేసుకునే అనుమతి వచ్చింది. ఆరేళ్ల విరామం తర్వాత నాకు దొరికింది టీములో ఎవరూ ఇష్టపడని పని. మిగతావాళ్లు రాసిన ప్రోగ్రామ్‌ను ఒక్క ఫైలుగా మూటగట్టి, ఎవరి కంప్యూటర్లోనైనా కుదురుకునేలా చెయ్యాలి. నేను వాడేది ఇన్నో సెటప్. 1997లో జోర్డన్ రస్సెల్ విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. ఒక స్క్రిప్టులో వరసగా సెట్టింగులు రాసుకుంటూ పోవడమే పని.

మా వారాంతపు తెలుగు బడి వాలంటీర్లు పిల్లలకు అక్షరాలు నేర్పే చిన్న ప్రోగ్రామ్ ఒకటి తయారుచేశారు. మూటగట్టే పని సహజంగానే నాకొచ్చింది.

మొదటి సెట్టింగు అనుమతి గురించి. మార్చకపోతే ఇన్నో సెటప్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. "అది మావారికే తెలుసండీ, సాయంత్రం వచ్చాక వేయిస్తా" అని ముగ్గురు నలుగురు తల్లులు చెప్పారు. 'ప్రివిలేజెస్ రిక్వైర్డ్' అన్న చోట 'లోయెస్ట్' అని రాశాను. ఇక ప్రోగ్రామ్ వాడేవాళ్ల సొంత ఫోల్డర్లోనే కూర్చుంటుంది, ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు.

రెండోది భాష. తెరల మీది మాటలన్నీ విడిగా ఒక ఫైల్లో ఉంటాయి. దాన్ని కాపీ చేసి తెలుగులో రాసుకున్నాను. 'నెక్స్ట్'కి 'తర్వాత', 'అన్‌ఇన్‌స్టాల్'కి 'తీసేయండి'. ఆరునెలలకని వచ్చిన అమ్మమ్మలు కూడా చదువుకోగలగాలి కదా.

మూడోదాని దగ్గర వాదన వచ్చింది. పిల్లలు పలికింది రికార్డు చేసి వాలంటీర్లకు పంపడానికి ఒక గడి ఉంది. ఇన్నో సెటప్‌లో ఇలాంటి గడికి టిక్కు ముందే పడి ఉంటుంది. ఖాళీగా ఉంచాలంటే 'అన్‌చెక్డ్' అని మనం ప్రత్యేకంగా రాయాలి. పైగా ఒకసారి ఎంచుకున్నదాన్ని గుర్తుపెట్టుకుని, కొత్త వెర్షన్ వేసినప్పుడల్లా అదే చూపిస్తుంది. తెలియక వదిలేసిన టిక్కు అలా ఏళ్లతరబడి ఉండిపోతుంది.

"టిక్కు ఉంచేద్దాం అక్కా, ఎవరూ తియ్యరు" అన్నాడు ప్రోగ్రామ్ రాసిన అబ్బాయి.

"ఎవరూ తియ్యరనే కదా తమ్ముడూ నా భయం. అవి పసిపిల్లల గొంతులు."

అతని బాధా నిజమే. ఇక్కడ పుట్టిన పిల్లలకు 'ళ', 'ణ' ఎక్కడ తడబడుతున్నాయో వినకపోతే పాఠం ఎలా దిద్దుతాం? రెండు సమావేశాలు నడిచాయి. చివరికి గడి ఖాళీగానే వెళ్లింది. అనుకున్నదానికంటే చాలా తక్కువ గొంతులే వచ్చాయి. ఆ అబ్బాయికి నా మీద ఇంకా కొంచెం గుర్రుగానే ఉంది.

ఒకావిడ ఫోన్ చేసి అరగంట అడిగారు. గొంతు ఎక్కడికి పోతుంది, ఎవరు వింటారు, ప్రోగ్రామ్ తీసేస్తే మా కంప్యూటర్లో రికార్డింగులు మిగిలిపోతాయా అని. మామూలుగా, తను పెట్టిన ఫైళ్లనే అది తీస్తుంది, తర్వాత పుట్టినవి అక్కడే ఉంటాయి. అందుకే అవి కూడా పోయేలా ఇంకో వరస ముందే రాసి ఉంచాను. అదే చెప్పాను. అన్నీ విని, "అయితే మా పాప గొంతు తీసుకోండి" అని ఆవిడే టిక్కు పెట్టారు.

ఈసారి మీరేదైనా వేసుకునేటప్పుడు 'నెక్స్ట్' నొక్కేముందు ఒక్క క్షణం ఆగండి. ఏ గడుల్లో టిక్కు ముందే పడి ఉందో చూడండి. వద్దనుకున్నది తీసెయ్యండి.