సైకిలు నెక్కు బాలికకు ఆయుధము వలయునా?

సైకిలు మీద నొంటరిగా పోవు స్త్రీ తన రక్షణార్థము ఏదైన నొక ఆయుధమును వెంట నుంచుకొనవలెనా యను ప్రశ్న నేడు పుట్టినది కాదు. అది సైకిలుతో కవలగా పుట్టినది. పందొమ్మిదవ శతాబ్దము చివర యూరపు ఖండమున ఈ వాహనము వ్యాపించుచున్న కాలముననే, ఫ్రాన్సు దేశమున గలాన్ అను ఆయుధకారుడు సైకిలువారి కొరకై జేబులో పట్టు చిన్న రివాల్వరును చేసెను. దానికి వెలో-డాగ్ అని పేరు. 'వెలో' యనగా సైకిలు. 'డాగ్' అనగా నేమో మన పిల్లలే చెప్పగలరు. వెంటబడు కుక్కలను తరుముటకు చేసిన ఆయుధ మది. మూగజంతువును చంప మనసొప్పనివారికి గుండునకు మారుగా మిరపపొడిని గాని మైనమును గాని కూరిన తూటాలను సహితము అమ్మెడివారు. మన వంటింటి కారమునకు తుపాకిగొట్టమున గూడ చోటు దొరకినదా యని మేము నవ్వుకొంటిమి.

1884 వ సంవత్సరమున అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఎత్తుచక్రపు సైకిలుపై బయలుదేరి, 1886 లో జపాను చేరి భూప్రదక్షిణము ముగించిన థామస్ స్టీవెన్స్ నాటి హిందూదేశమున లాహోరునుండి కలకత్తా వరకు తొక్కినవాడే. అతని సామానెల్ల మేజోళ్లు, మారు చొక్కా, డేరాగను పడకగను పనికివచ్చు వానకోటు, ఒక రివాల్వరు. 1894 లో బోస్టను నగరమునుండి సైకిలుపై లోకము చుట్టుటకు వెడలిన ఆనీ లండన్‌డెర్రీ యను ఆమె ముగ్గురు బిడ్డల తల్లి. ఆమె తీసికొనిపోయినది ఒక జత మారుబట్టలును, ముత్యపుచిప్ప పిడిగల రివాల్వరును మాత్రమే. పిడి యెంత మెరసిన నేమి? తిరుగుత్రోవలో అయోవా రాష్ట్రమున పందులగుంపు అడ్డము వచ్చి, ఆమె పడి మణికట్టు విరిగినది. రోడ్డుమీది యాపదలలో తుపాకికి లొంగునవి మిక్కిలి కొద్ది.

వీరిరువురును ఎరుగని దేశములలో, భాష తెలియని జనుల నడుమ పోయినవారు. మన బాలికలు పోవునది తమ యూరినుండి ప్రక్కయూరి బడికి. ఈ భేదమును సోదరీమణులు మనసున నుంచుకొన వేడుచున్నాము. మా వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

మా పెద్దమ్మాయి పదవ తరగతి చదువుచున్నది. మా యూరి బడి యేడవ తరగతితో ఆగిపోవును. హైస్కూలు ఐదు కిలోమీటర్ల దూరమున నున్నది. త్రోవ యంతయు కాలువగట్టు. ఒకప్రక్క వరిచేలు, ఒకప్రక్క నీరు, నడుమ అరకిలోమీటరు మేర తాడితోపు. బస్సు ఉదయమొకటి, సాయంత్రమొకటి. అదియు దాని యిచ్చవచ్చిన వేళకు. మా యింటివారు ఉపాధ్యాయులే గాని, వారి బడి వేరొక దిక్కున నున్నందున తండ్రియు బిడ్డయు కలిసి పోవు వీలులేదు.

గడచిన కార్తికమాసమున, సాయంత్రపు ప్రత్యేక తరగతులు ముగించుకొని అమ్మాయి వచ్చుచుండగా, తాడితోపు దగ్గర మోటారుసైకిలుపై ఇరువురు యువకులు వెంబడించిరి. వెనుక కూర్చున్నవాడు చేయిసాచి వీపున నున్న సంచిపట్టెను పట్టి లాగెను. పిల్ల ఆగలేదు, వెనుకకు తిరిగి చూడలేదు. గంట మ్రోగించుచు, తోపు దాటి, ధాన్యపుమిల్లులో హమాలీలు బస్తాలు మోయుచున్న వెలుగులోనికి వచ్చువరకు తొక్కుచునే యుండెను. మోటారుసైకిలు అక్కడనే మరలిపోయినది. ఇల్లు చేరి, చెంబెడు నీళ్లు త్రాగి, జరిగినది జరిగినట్లు చెప్పినది. అన్నము కలుపుకొనబోయిన చేయి మాత్రము వణకుచునే యుండెను.

ఆ రాత్రి మాయింట సభ జరిగినది. మా అత్తగారు మునగకాడలు కోయు చాకును తెచ్చి, "దీనిని సంచిలో పెట్టుకో, తల్లీ! చేత నినుమున్న దానిని దయ్యమైనను ముట్టదు" అనిరి. హైదరాబాదులోనున్న మా మరిది, పెప్పర్ స్ప్రే పంపెదనని ఫోనులో చెప్పెను. మా పెదమామగారు, "ఇంక నాలుగు నెలలేకదా, ఇంట కూర్చుండి చదివి పరీక్ష వ్రాసిన చాలదా?" అనిరి. మా యింటివారు అందరి మాటయు విని, పిల్లవంక చూచిరి. "నాన్నగారూ, కత్తి పెట్టుకొమ్మన్నను పోయెదను, వలదన్నను పోయెదను. బడికి పోవలదని మాత్రము అనకండి" అని ఆమె చెప్పినది.

ఆదివారమునాడు మేము వాదములు కట్టిపెట్టి పరీక్షకు దిగితిమి. పెరటిలో కొబ్బరిచెట్ల నడుమ అమ్మాయిని సైకిలెక్కించి, చాకును సంచిలో వేయించి, "ఇప్పుడు" అనినంతనే దానిని చేతికి తీసికొమ్మంటిమి. మేము లెక్కించుచుంటిమి. ఆమె బ్రేకుపట్టి, కాలు నేలనూది, సంచిని ముందునకు త్రిప్పి, జిప్పులాగి, పుస్తకములను, అన్నపుడబ్బాను, నీళ్లసీసాను తప్పించి చాకు పైకి తీయునప్పటికి లెక్క పదునెనిమిది దాటినది. రెండవమారు దిగకుండ తీయబోయి, హేండిలు వంకరపోయి అరటిపాదులో పడినది. "జడలో దోపుకొనరాదా?" అని అత్తగారు. జడలో దోపిన చాకు పడినపుడు దిగునది ఎవరి మెడలోనో అది చెప్పనక్కరలేదు.

మరిది పంపిన డబ్బాయు వచ్చినది. మిరపకారపు సారమును చిమ్మునది అది. దానిని వ్యర్థము చేయ నిష్టములేక, ఇస్త్రీబట్టలపై నీరు చిమ్ము సీసాతో పరీక్షించితిమి. తొక్కుచు ముందునకు చిమ్మిన నీరు సగము ఆమె ముఖముననే పడినది! సైకిలు తన గాలిని తానే పుట్టించుకొని పోవు వాహనము. ఆకు కదలనినాడు గూడ ఎక్కినవారికి ఎదురుగాలియే. నిలిచియుండి, గాలి తన వెనుకనుండి వీచునపుడు ఆ డబ్బా యుపకరించును గాక. కాలువగట్టున సైకిలుపై కన్నులు మండి మూసికొన్న పిల్లకు మొదట దగ్గరయగునది కాలువయే.

మన పూర్వులీ సంగతి నెరుగనివారు కారు. రథమున పోరువానికి వేరుగా సారథి నొసగిరి. సత్యభామ నరకాసురునితో పోరుట యందరకును తెలిసిన కథయే. అయితే ఆమె వింటిని పట్టినపుడు గరుత్మంతుని నడపు భారము ఆమెపై లేదు, ప్రక్కన కృష్ణుడు కలడు. ఉత్తరగోగ్రహణమున అర్జునుడు విల్లు చేపట్టిన క్షణమున పగ్గములు ఉత్తరుని చేతికి పోయినవి. కర్ణుని గతి యేమయ్యెను? క్రుంగిన చక్రమును చేతులతో పట్టినపుడు విల్లు విడువవలసి వచ్చెను. సైకిలెక్కిన బాలిక రథియును తానే, సారథియును తానే. ఉన్న రెండుచేతులును పగ్గములమీదనే యున్నవి. ఆయుధము పట్టవలెనన్న నామె ఆగవలెను. ఆగుటయే వెంబడించువాడు కోరునది. ఆనాడు తోపులో మా పిల్లను కాచినది ఆగకపోవుటయే గదా! పెనుగులాటలో చాకు బలవంతుని చేతికి పోవుట యెంతసేపు?

చట్టము మాట గూడ తెలిసికొందము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణాధికారమును గూర్చినవి. పూర్వపు శిక్షాస్మృతిలో నివి 96 మొదలు 106 వరకు నుండెడివి. తన శరీరమును కాపాడుకొనుటకు ఎదిరించుట నేరము కాదు. మానభంగము, అపహరణము, ఆమ్లపు దాడి మున్నగు భయములు కలిగినపుడు ఎదిరి ప్రాణమునకు హాని కలిగినను ఆ యధికారము కాపాడును. అయితే రక్షణకు అవసరమైన దానికంటె ఎక్కువ హాని చేయరాదను కట్టుబాటు కలదు. ఇక 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకికి లైసెన్సు కావలెను. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి సామాన్యముగ అది దొరకదు. అదే చట్టము లాఠీని, సాధారణపు చేతికర్రను ఆయుధములలో చేర్చలేదు. మాకిది ముచ్చటగా నున్నది. మన తాతల చేతికర్రకు నేటికిని గౌరవమున్నది.

కర్ర మాట వచ్చినది గనుక చెప్పెదము. మా వీధికి వేకువను పాలుతెచ్చు ఆమె, నలుబదియేండ్లది, సైకిలు బారునకు వెదురుకర్ర నొకదానిని కట్టుకొనును. గట్టుమీద పాము కనబడినను, కుక్కలు మూగినను, దిగి కర్రవిప్పుకొని నిలుచును. దానిని మేము తప్పుపట్టము. ఆమె చేయి దానికి అలవడినది. కర్రసాము నేర్పువారు దొరకిన మన బాలికలకు నేర్పింపవలసినదే. దేహమునకు పట్టు, మనసునకు నిలకడ వచ్చును. సాధనలేని చేతికి మాత్రము ఏ యాయుధమైనను బరువే.

కుక్కలకైతే కర్రయు నక్కరలేదు. రాయి దొరకిన కుక్క దొరకదు, కుక్క దొరకిన రాయి దొరకదు అని సామెత ఉండనే యున్నది. పరుగిడు చక్రమును చూచి తరుముట కుక్కకు స్వభావము. వేగము తగ్గించి, దిగి, సైకిలును తనకును దానికిని నడుమ నుంచి మెల్లగా నడచినచో చాలవరకు దాని ఉత్సాహము చల్లారును. మనుష్యుడు వెంబడించినపుడు ఆగరాదు, కుక్క వెంబడించినపుడు ఆగవచ్చును. పిల్లలకు ఈ రెండును కలిపి చెప్పవలెను. కరచినచో పసుపును, సున్నమును పూయక, పారు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి రేబీసు టీకా వేయించవలెను. ఇంకొక మాట: చున్నీని నడుమునకు బిగించి కట్టుకొనకున్న, దుండగునికంటె ముందు చక్రమే దానిని పట్టుకొనును.

"అయినను చేత నేదో యున్నదను ధైర్యము వేరుగదా!" అని మా అత్తగారు రెండుమూడు దినములు వాదించిరి. వారి మాటను తేలికగా త్రోసివేయలేము. వారి బాల్యమున ఊరిచివరి బావికి గూడ ఒంటరిగా పోనిచ్చెడివారు కారట. అయితే వారికి మేమొక కథ జ్ఞాపకము చేసితిమి. అజ్ఞాతవాసమున పాండవులు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. ఆ యేడే కీచకుడు ద్రౌపదిని వెంబడించెను. ఆమె పరుగెత్తి పోయినదెక్కడికి? నిండుసభకు. అందరు చూచుచుండగనే వాడు తన్నెను, విరటుడు నోరెత్తలేదు. ఆ సైరంధ్రి కొంగున కత్తి లేకుండుట లోపమని మనమెవ్వరమైన చదువునపుడు అనుకొంటిమా? సభను చూచి గదా మన కడుపు మండినది! అత్తగారు కొంతసేపు ఊరకుండి, "ఆ మిల్లువాళ్లు లేకున్న?" అని మాత్రమనిరి.

ఆ ప్రశ్నయే మాకు దారిచూపినది. మిల్లుదగ్గర వెలుగును మనుష్యులును ఉండిరి. తోపుదగ్గర రెండును లేవు. మరునాడు మా యింటివారు మరి ముగ్గురు తండ్రులను వెంటబెట్టుకొని పోలీసుస్టేషనులో కాగితము వ్రాసియిచ్చిరి. అచ్చటివారు ముందుగా అడిగినది, "చీకటివేళ ఆడపిల్ల నేల పంపితిరి?" అని! చీకటిని మేము పంపలేదు, బడికి పంపితిమని వారు బదులుచెప్పిరట. తరువాత ప్రధానోపాధ్యాయులతో మాటలాడగా, ప్రత్యేక తరగతులు సాయంత్రమునుండి ఉదయమునకు మారినవి. మా యూరినుండి పోవు ఐదుగురు బాలికలును మిల్లుదగ్గర కూడుకొని కలిసి పోవుచున్నారు. చివరి పిల్ల వచ్చువరకు తక్కినవారు కదలరు. కీడెంచి, 112 అను సంఖ్యను అందరును కంఠస్థము చేసిరి.

ఎక్కువమంది తొక్కుటయే తొక్కువారికి రక్షయని మా నమ్మకము. తమిళదేశపు పుదుక్కోట జిల్లాలో 1991 మొదలు అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. ఆరంభమున పరిహాసములు, వెకిలిమాటలు చాలినన్ని పడిరి, నిలిచిరి. బీహారు ప్రభుత్వము 2006 లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల కొరకై సొమ్మిచ్చినది. ఆ పథకమును పరిశోధించి 2017 లో ప్రకటించిన వ్యాసమున, ఆ యీడు బాలికలు హైస్కూలున చేరుట నూటికి 32 వంతులు పెరిగినదని తేలినది. వారి చేతికి ఎవ్వరును కత్తులీయలేదు. కత్తియున్న పిల్లయే పోవలెనని మనము నియమము పెట్టినచో, రేపు కత్తిలేని పిల్లకేమైనను జరిగినపుడు, "కత్తి యేల తీసికొనిపోలేదు?" అని పిల్లనే అడుగుదురు. స్టేషనులో చీకటిని గూర్చి అడిగినట్లే.

తాడితోపున దీపస్తంభములు కావలెనని మా వీధి స్త్రీలము పదునేడుగురము చేవ్రాలు చేసి పంచాయతి కర్జీ యిచ్చితిమి. మూడు స్తంభములకు ఒప్పుకొని రెండు పాతిరి. మూడవది కల్లుపాకదగ్గర వేయవలసినది; అక్కడ వెలుగు వచ్చుట కొందరికి రుచింపలేదని వినికిడి. సోమవారమునాడు మరల పోవుచున్నాము. ఈసారి మా అత్తగారును వచ్చెదమనిరి.