ఎత్తుమడమల జీపు

ఎత్తు మీద మనిషికున్న మోజు ఈనాటిది కాదు. పీట మీద కూర్చున్నవాడికి కుర్చీ కావాలి. కుర్చీ దొరికినవాడికి దాని కింద ఒక వేదిక కావాలి. అంగుళం తక్కువైందని పెళ్ళిసంబంధాలు తప్పిపోయిన ఇళ్ళు మనందరికీ తెలుసు. ఆడపిల్లలు ఎత్తుమడమల జోళ్ళు తొడుక్కుంటే వేళాకోళం చేసిన మగవాళ్ళే ఇప్పుడు తమ జీపులకి ఎత్తుమడమలు తొడుగుతున్నారు. జోడు మడమ విరిగితే తొడుక్కున్నవారి కాలే బెణుకుతుంది. జీపు సంగతి అల్లా కాదు. ఆ తేడా గురించే ఈ నాలుగు మాటలూను.

వెనకటికి మన ఊళ్ళల్లో జీపు అంటే తహసీల్దారుగారి జీపో, మలేరియా డిపార్టుమెంటు వారి జీపో అయివుండేదని పెద్దవాళ్ళు చెబుతారు. అది గోదావరి ఇసకలోనూ పోయేది, ఏజెన్సీ బాటల్లోనూ పోయేది. దాన్ని ఇంకా పైకెత్తాలని ఎవరికీ తోచినట్టు లేదు. ఇప్పటి కంపెనీలు ఇచ్చే ఎత్తు కూడా తక్కువేం కాదు. 2020లో వచ్చిన థార్ బండి అడుగుకీ నేలకీ మధ్య 226 మిల్లీమీటర్ల ఖాళీ ఉందని కంపెనీ లెక్క. అంటే ఇటుకని నిలువునా నిలబెట్టినంత. అయినా కుర్రాళ్ళకి చాలదు.

మా మేనల్లుడు రాజమండ్రిలో ఉంటాడు. ఉద్యోగం, భార్య, నాలుగేళ్ళ కూతురు, అన్నీ సవ్యంగా ఉన్నవాడే. ఆదివారం వచ్చిందంటే మాత్రం స్నేహితులతో కలిసి మారేడుమిల్లి అడవి దారులు పట్టిపోతాడు. మొన్న సెలవుల్లో మా అక్కయ్య ఇంటికి వెళ్ళేసరికి, వాడి జీపు వాకిట్లో కొత్తల్లుడిలాగ మెడ నిక్కించుకుని నిలబడి ఉంది. పాత స్ప్రింగులు తీయించి పొడుగాటివి వేయించాడట. వాటికి తగ్గ షాకబ్జార్బర్లు, వాటికి తగ్గ పెద్ద టైర్లు. వెరసి ఎనభై వేలు.

"ఒరేయ్ తమ్ముడూ! ఇది ఎక్కాలంటే నాకు ముక్కాలిపీట కావాలి. నలుగురికీ పాఠాలు చెప్పేవాడివి, వీడికి కాస్త నువ్వైనా చెప్పు," అంది అక్కయ్య.

"అంతా చట్టప్రకారమే మావయ్యా," అన్నాడు వాడు. "షాపతను చెప్పాడు. కావలిస్తే ఆర్.సి. కార్డు చూడు. అందులో రంగు ఉంది, బరువు ఉంది, సీట్లు ఉన్నాయి. ఎత్తు అన్న మాటే లేదు. లేనిదాన్ని మార్చానని నన్నెవరు పట్టుకుంటారు?"

కార్డు చూశాను. నిజమే, ఎత్తు లేదు. షాపతను తర్కం చదువుకున్నవాడు కాబోలు అనుకున్నాను.

నేను మోటారు విద్య ఎరగను. తెలుగు వ్యాకరణం చెప్పుకు బతికేవాణ్ణి. ఏ సూత్రం చూసినా ఇది నిత్యమా, వైకల్పికమా, దీనికి అపవాదాలేమిటి అని చూడడం నా వృత్తిదోషం. ఆ అలవాటుతోనే 1988 నాటి మోటారు వాహనాల చట్టం తీసి 52వ సెక్షను చదివాను. కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకీ, ఆర్.సి.లోని వివరాలకీ తేడా పడేటట్టు యజమాని బండిని మార్చకూడదని దాని భావం. ఇది నిత్యం. "మార్పు" అంటే ఏమిటో దాని కిందనే వివరణ ఉంది. బండి మూలలక్షణం మారిపోయేటట్టు దాని నిర్మాణంలో చేసే మార్పు అని.

అపవాదాలూ ఉన్నాయి. పెట్రోలు బండిని నిబంధనల ప్రకారం గ్యాసుకి మార్చుకోవచ్చు. అవయవలోపం ఉన్నవారు తమకు అనువుగా బండి మార్పించుకుని, అధికారి ఆమోదం పొందవచ్చునని 2019లో ఒక సవరణ వచ్చింది. ఆ అపవాదం చదివి నాకు ముచ్చట వేసింది. కాలు సరిగా లేనివాడి కష్టాన్ని చట్టం ఎరుగును. కాలుమీద కాలు వేసుకునేవాడి సరదాని మాత్రం ఎరగదు.

ఐతే "మూలలక్షణం" అన్న మాట దగ్గర మా మేనల్లుడు మళ్ళీ పేచీ పెట్టాడు. "ఎత్తు మూలలక్షణమని ఎవరన్నారు మావయ్యా?" అని. మాటకి అర్థం చెప్పడం దాకానే నా విద్య. అంచేత ఎదురింటాయన్ని కేకేశాం. ఆయన రవాణా శాఖలో పనిచేసి రిటైరైనవారు. పేరుకి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, ఊరికి మాత్రం బ్రేకినస్పెక్టరు.

"ఆర్.సి.లో గడి లేదన్నది పాత పాట మాస్టారూ," అన్నారాయన. "కంపెనీవాడు ముందు నమూనా బండి తయారుచేసి పరీక్షకి పంపాలి. బ్రేకు, స్టీరింగు, దీపాలు అన్నీ ఆ ఎత్తులో, ఆ టైర్లతో పరీక్షకి నిలబడితేనే అమ్ముకోనిస్తారు. మీవాడు మార్చింది ఆ పరీక్ష నెగ్గిన బండిని. ఇప్పుడిది ఏ పరీక్షా రాయని బండి. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ 52వ సెక్షను మీదే తీర్పు చెప్పింది. కంపెనీ మొదటి నిర్దేశాలకి భిన్నంగా బండి మార్చడానికి వీల్లేదంది. ఆ ఏటి సవరణలోనే శిక్షా చేర్చారు. ఒక్కొక్క మార్పుకి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని. అరిగిపోయిన స్ప్రింగు తీసి అదే కొలతది వేసుకుంటే ఎవరూ కాదనరు. రెండంగుళాలు పైకెత్తి అదీ ఇదీ ఒకటేనంటే ఎల్లాగ?"

జరిమానా మాటకి వాడు చలించలేదు. ఎనభై వేలు పెట్టినవాడికి ఐదువేలు లెక్కా! అది గ్రహించి ఇన్‌స్పెక్టరుగారు కాగితం తెప్పించి లెక్క వేశారు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య వెడల్పు 1,500 మిల్లీమీటర్లనుకోండి. అందులో సగం 750. బండి బరువంతా కేంద్రీకరించే చోటు నేలకి 700 ఎత్తులో ఉందనుకోండి. 750ని 700తో భాగిస్తే 1.07 వస్తుంది. బండిని రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు ఎత్తితే ఆ 700 కాస్తా 750 అవుతుంది. భాగిస్తే 1. ఈ అంకె ఎంత తగ్గితే మలుపులో బండి అంత తేలిగ్గా బోర్లాపడుతుందన్నమాట. మారేడుమిల్లి ఘాటులో మలుపులకేం కొదవ?

టైర్ల సంగతి ఇంకో వింత. చక్రం వ్యాసం నూటికి పది పెరిగితే, మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 66లో పోతుంది. ముల్లు అబద్ధమాడుతూంటే తోలేవాడు నిజాయితీగా నమ్ముతూంటాడు. దీపాలు కూడా బండితోబాటే పైకి లేస్తాయి. వాటిని తిరిగి సరిచూడకపోతే ఎదురుగా వచ్చే స్కూటరువాడి కళ్ళల్లోకే వెలుగు. బ్రేకు గొట్టాలు సాగి లాగబడతాయి. ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లు తిరగవలసిన కోణం మారి త్వరగా అరుగుతాయి. బీమా కంపెనీకి చెప్పకుండా మార్చినందుకు క్లెయిము వేళ పేచీ ఉండనే ఉంది.

"ఇవన్నీ మన దేశంలోనే అంకుల్. అమెరికాలో ఎవడి బండి వాడిష్టం," అన్నాడు మావాడు ఆఖరి అస్త్రంగా.

నా పాత శిష్యుడొకడు నార్త్ కరోలినా రాష్ట్రంలో షార్లెట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ సాయంత్రం ఫోనులో వాణ్ణే అడిగాను. ఎత్తిన బళ్ళు అక్కడ చాలా ఉన్న మాట నిజమేనట. ఎంత ఎత్తవచ్చునన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లెక్కట. కాని వాళ్ళ ప్రాంతంలోనే ఒక విపరీతపు ఫ్యాషను బయల్దేరింది. పికప్ ట్రక్కు ముందుభాగం ఎత్తేసి, వెనకభాగం చతికిలబెట్టడం. తోలేవాడికి రోడ్డు తక్కువా ఆకాశం ఎక్కువా కనిపిస్తుంది. నార్త్ కరోలినాలో 2021 డిసెంబరు 1 నుంచి దానికి చట్టం వచ్చింది. ముందు చక్రం మీది రేకు వెనకదానికన్న నాలుగంగుళాలు గాని అంతకుమించి గాని ఎత్తుగా ఉండకూడదు. ఏడాదిలో మూడుసార్లు పట్టుబడితే కనీసం ఏడాదిపాటు లైసెన్సు పోతుంది. వర్జీనియాలో ఒక ప్రమాదంలో నిండు ప్రాణం పోయాక 2022లో అల్లాంటి చట్టమే చేశారు. 2023లో సౌత్ కరోలినా చేసింది. స్వేచ్ఛకి పేరుపడ్డ దేశంలో కూడా పోలీసు టేపు పట్టుకుని కొలుస్తున్నాడు!

మర్నాడు పొద్దున్న ఇన్‌స్పెక్టరుగారు మళ్ళీ వచ్చి, చంటిదాని ఎర్ర ప్లాస్టిక్కు కుర్చీ తెమ్మన్నారు. దాన్ని జీపు ముందు రెండడుగుల దూరంలో పెట్టి, మేనల్లుణ్ణి తోలే సీట్లో కూర్చోమన్నారు.

"కుర్చీ కనిపిస్తోందా?"

"లేదండీ."

కుర్చీ ఇంకాస్త ముందుకి జరిపారు. లేదు. మళ్ళీ జరిపారు. లేదు. మొదటిసారి కనిపించిన చోట సుద్దముక్కతో గీత గీశారు. వాడు దిగి వచ్చి ఆ గీతకీ బంపరుకీ మధ్యనున్న జాగా చూశాడు.

"ఎత్తించకముందు కూడా కొంత మేర కనిపించదు నాయనా, అది ఏ బండికైనా ఉన్నదే," అన్నారాయన మెల్లిగా. "ఎత్తాక అది ఇంకో జానెడు పెరుగుతుంది. అంతే, జానెడే!"

సరిగ్గా అప్పుడే చంటిది "నా కుర్చీ!" అంటూ పరుగెత్తుకొచ్చి ఆ గీతకి ఇవతల, బంపరుకి ఆనుకుని నిలబడింది. ఎవరూ దాన్ని పిలవలేదు. ఎవరూ ఏమీ అనలేదు. వాడు కూతుర్ని ఎత్తుకుని, కుర్చీ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చట్టమంటే మనకీ సర్కారుకీ మధ్య ఉన్న తగువనుకుంటాం. ఆర్.సి. కార్డు మీద మన పేరుంటుంది, సర్కారు ముద్ర ఉంటుంది. మూడోవాళ్ళ పేరు అందులో ఉండదు. కాని బండి కొలతలు రాసింది ఆ మూడోవాళ్ళ కోసం. ఎదురొచ్చే స్కూటరువాడు, రోడ్డు దాటే ముసలమ్మ, కుర్చీ కోసం పరుగెత్తే చంటిది. వాళ్ళు మన కార్డు ఎన్నడూ చూడరు. చూడనవసరం లేకుండా వీధిలో నడవగలగాలి. అడవిలో, సొంత స్థలంలో ఎన్ని విన్యాసాలు చేసినా పడేది మనమే. వీధిలోకి వచ్చాక మన ఎత్తు మన సొంతం కాదు.

ఎనభై వేలు కళ్ళముందు పోతూంటే ఎవరికైనా బాధే. వాడు రెండువారాలు తటపటాయించాడని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆ తరవాత తనంతట తనే షెడ్డుకి తీసుకెళ్ళి పాత స్ప్రింగులూ పాత టైర్లూ బిగించుకుని వచ్చాడట. టైర్లు ఎవరో సగం ధరకి పట్టుకుపోయారు. పొడుగాటి స్ప్రింగులకి మాత్రం బేరం కుదరలేదు. గోనెలో చుట్టి అటకెక్కించారట. అక్కడ అవి ఎంత ఎత్తున ఉన్నా బ్రేకినస్పెక్టరుగారికి అభ్యంతరం లేదు.