తుంగ గడ్డలు, ఈత తొట్టి, పందొమ్మిది

ఈసారి కొంచెం పొడవుగానే రాస్తున్నాం, ఓపికగా చదవండి. సంఘం డబ్బు ఖర్చయింది కాబట్టి లెక్కా చెప్పాలి, కథా చెప్పాలి.

హోసూరులో మా సంఘం ఆవరణలో నేలమీద నిలబెట్టిన ఈత తొట్టి మీలో చాలామందికి తెలుసు. 15 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, చుట్టూ రేకు గోడ, లోపల నీలం రంగు లైనరు. నీళ్లు కారకుండా ఆపేది రేకు కాదు, అర మిల్లీమీటరు మందమున్న ఆ ప్లాస్టిక్కే. రేకు దానికి ఆసరా, అంతే.

వేసవి సెలవుల్లో పొద్దున గంటసేపు తెలుగు, ఆ తరవాత గంటసేపు ఈత. ఇదీ మా ఏర్పాటు. దాచేదేముంది, పిల్లలు వచ్చేది ఈతకే. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే. ఇక్కడే పుట్టాం, ఇక్కడే బతుకుతున్నాం. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు చదవడం, రాయడం రాకుండా పోతోంది. ఇంకోపక్క క్వారీ గుంటలు, చెరువుల భయం. ఈత రాని పిల్లలు సెలవుల్లో ఎక్కడికి పోతారో ఏ తల్లికీ తెలియదు. అందుకే రెంటినీ కలిపి పెట్టుకున్నాం.

మార్చిలో తొట్టిలో నీళ్లు తగ్గడం మొదలైంది. ఎండకు ఆవిరైపోతున్నాయని కొందరన్నారు. ఒక బకెట్‌లో నీళ్లు పోసి తొట్టి మెట్టుమీద పెట్టి, రెండింటి మట్టానికీ గీతలు గీశాం. మర్నాటికి బకెట్‌లో అర అంగుళం కూడా తగ్గలేదు, తొట్టిలో రెండంగుళాలు దిగింది. కారుతున్నట్టే.

కొత్త లైనరుకు, ఇసుకకు, నీళ్లకు కలిపి నలభై వేలవుతుందని తేలింది. కమిటీలో ఒక పెద్దాయన, “తూకానికి అమ్మేయండప్పా. తెలుగంటే ఇంట్లో మాట్లాడుకుంటూనే ఉన్నాంగా” అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో సగంమందికి మనసులో అదే ఉంది. చివరికి రెండు చేతుల తేడాతో లైనరు గెలిచింది.

నీళ్లు తోడేసి, పైపట్టీలు విప్పి, పాత లైనరు కోసి లాగాం. ఎండకూ క్లోరిన్‌కూ అది అప్పడంలా పెళుసెక్కింది. లైనరు తీస్తే ఉత్త రేకు గాలికి కూలిపోతుంది, అందుకని చుట్టూ సర్వి కట్టెలు పాతి తాళ్లతో కట్టాం. అడుగున చూస్తే ఇసుకలోంచి సూదుల్లాంటి మొలకలు. పని చూడ్డానికి వచ్చిన పెద్దాయనే వంగి ఒకటి పీకి చూపించాడు. “తుంగ! ఇది ప్లాస్టిక్‌ను పొడుచుకుని పైకొస్తుంది.” సాయానికొచ్చిన తమిళ తమ్ముడు “కోరై” అన్నాడు. పేరు ఏదైనా గడ్డ అదే.

తప్పు మాదే. ఏడేళ్ల కిందట తొట్టి నిలబెట్టినప్పుడు గడ్డి పైపైన చెక్కి, ఇసుక పోసేశాం. ఈసారి జానెడు లోతు తవ్వి, ఒక్కో గడ్డా ఏరాం. రెండు రోజులు పట్టింది. పెద్దాయన కుర్చీ వేసుక్కూచుని, వదిలేసిన ప్రతి గడ్డనూ చేతికర్రతో చూపించాడు.

ఆ తరవాత రెండంగుళాల జల్లెడ ఇసుక పరిచి దిమ్మిస చేశాం. గోడ అడుగున చుట్టూ తడి ఇసుకను ఆరంగుళాల ఎత్తున వాలుగా మెత్తాం. మూడున్నర అడుగుల నీళ్లంటే 17 టన్నుల పైమాటే. ఆ వాలు లేకపోతే ఆ బరువుకు లైనరు గోడ కింది సందులోంచి బయటికి తోసుకుపోతుంది. ఇసుక మీద మందపాటి గుడ్డ పరుపు వేశాం. లైనరును గంటసేపు ఎండలో పరిచి, మెత్తబడ్డాక గోడమీదుగా వేలాడదీశాం.

నాలుగు వేళ్ల లోతు నీళ్లు రాగానే అడుగున ముడతలు తేలాయి. వాటిని నడిమి నుంచి అంచులకు పాదాలతోనే తొయ్యాలి. పన్నెండుమంది పిల్లల్ని దింపాం. టీచరక్క, “అడుగులు తెలుగులో లెక్కపెడితేనే లోపల ఉండేది” అంది. పద్దెనిమిది దాకా బాగానే సాగింది. ఆ తరవాత అందరూ ఒక్కసారే “నైన్టీన్!” అన్నారు. బయట కుర్చీలోంచి, “పందొమ్మిది రా!” అని కేక. ముడతలు పోయేసరికి పిల్లలు అరవై దాటారు. ఇంట్లో మాట్లాడుకునే పిల్లలే వీళ్లంతా. ఆ మాట మాలో ఎవరూ పైకి అనలేదు, పెద్దాయనా అనలేదు.

ఫిల్టరు కంత మాత్రం ఆఖరున కోశాం. నీటి బరువుకు లైనరు సాగి కుదురుకోకముందే కోస్తే కంత జరిగిపోతుంది, అక్కడే చిరుగుతుంది.

లెక్క: లైనరు 24,000, ఇసుక, పరుపు 6,500, ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు 3,600, వాషర్లు, పట్టీలు 1,200, భోజనాలు 1,900. మొత్తం 37,200 రూపాయలు. మిగిలిన 2,800తో పలకలు, కాపీ పుస్తకాలు కొన్నాం. రసీదులు ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

బకెట్ పరీక్ష మళ్లీ చేశాం. రెండు గీతలూ సమానం. పెద్దాయన మాత్రం ఇంకోసారి చిరిగితే అమ్మేయాల్సిందే అంటున్నాడు. కాబట్టి తల్లులకు ఒక మనవి: పిల్లల్ని దింపేటప్పుడు గాజులు, మెట్టెలు, పిన్నీసులు తీసేసి రండి. తెలుగు క్లాసు ఏడున్నరకు. ఈతకు మాత్రమే వస్తామంటే ఒప్పుకోం.