అవధానం

ప్రొద్దుటూరు అవధాన విద్యకు పేరుగాంచిన పట్టణం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి, సి.వి. సుబ్బన్న శతావధాని వంటివారు అక్కడ ఆ విద్యకు వన్నె తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. పద్యం సగంలో ఉండగా ఒకరు గంట కొడతారు. మరొకరు అప్రస్తుత ప్రసంగానికి దిగుతారు. అవధాని గంటలు లెక్కించాలి, ప్రశ్నకు చమత్కారంగా బదులివ్వాలి; అయినా పద్యపాదం చేజారకూడదు.

విమానచోదకునికీ ఇటువంటి పరీక్షే ఎదురవుతుంది. గగనమధ్యంలో ఇంజిన్ ఆగిపోతే చిన్న విమానం రాయిలా కూలిపోతుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. చెన్నూరు మీద ఒక కిలోమీటరు ఎత్తున సెస్నా 172 విమానం ఇంజిన్ ఆగిందనుకుందాం. గాలి అనుకూలిస్తే అది రెక్కల బలంతోనే సుమారు 9 కిలోమీటర్లు జారుతూ సాగగలదు. పెన్న ఒడ్డున ఏదో ఒక చదునైన పొలం చూసుకొని దిగడానికి ఆ వ్యవధి చాలవచ్చు. కాని చోదకుడు ఇంజిన్‌ను తిరిగి నడిపించే ప్రయత్నంలోనే మునిగి వేగాన్ని గమనించకపోతే, రెక్కలు పట్టు తప్పి విమానం కూలిపోతుంది. అందుకే వైమానిక శిక్షణలో మొదటి పాఠం ఇది: ముందు విమానాన్ని నిలుపుకో, తరువాత దారి చూసుకో, ఆ తరువాతే మాట్లాడు.

ఈ పాఠం విలువను కడప జిల్లా ఎంతో దుఃఖంతో తెలుసుకొంది. జమ్మలమడుగులో జన్మించి, పులివెందుల ప్రతినిధిగా ముఖ్యమంత్రి పదవి నధిష్ఠించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38 గంటలకు బేగంపేట నుండి హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. అది రెండు ఇంజిన్ల బెల్ 430. నల్లమల మీద దట్టమైన వర్షమేఘాలు కమ్ముకొని ఉన్నాయి. గంట గడవకముందే సంబంధాలు తెగిపోయాయి. మరునాటి ఉదయం పావురాలగుట్టపై శకలాలు కనిపించాయి. అందులోని ఐదుగురూ మరణించారు.

ఇంజిన్లు ఆగిపోవడం ఈ ప్రమాదానికి కారణం కాదు. ఇంజిన్ల శక్తిని రెక్కలకు అందించే యంత్రభాగంలో చమురు పీడనం గురించి ఒక హెచ్చరిక కనిపించింది. చివరి ఆరు నిమిషాలు చోదకుల దృష్టి దాని పరిష్కారం వెదకడంలోనే నిమగ్నమైందని విచారణ సంఘం నిర్ధారించింది. ఆ సమయంలోనే హెలికాప్టర్ ప్రచండమైన అధోవాయు ప్రవాహంలో చిక్కి అదుపు తప్పింది.

వారిని నిందించడం సులభం. కాని వారు ఏమరుపాటుగా కూర్చున్నవారు కారు. ఎదుట కనిపించిన సమస్యతో శ్రద్ధగా పోరాడుతున్నవారే. ఆ శ్రద్ధే వారి చూపును మేఘాల నుండి మళ్లించింది. శ్రద్ధ లోపించినప్పుడే కాదు, శ్రద్ధ అంతా ఒకేచోట చిక్కుకొన్నప్పుడూ ప్రమాదం పొంచి ఉంటుంది.

సెప్టెంబరు 4న ఇడుపులపాయలో అంత్యక్రియలు జరిగాయి. ఆయన రాక కోసం ఎదురుచూసిన పల్లెలు ఆనాడు కన్నీటితో వీడ్కోలు పలికాయి. గంటలు లెక్కిస్తూనే పద్యాన్ని కాపాడుకొనే అవధానిని చూసి సభ చప్పట్లు కొడుతుంది. ఆకాశంలో అదే పని చేసి క్షేమంగా నేలకు దించిన చోదకునికి చప్పట్లు వినిపించవు. ప్రయాణికులు ఏమీ జరగనట్టు దిగి ఇళ్లకు వెళ్లిపోతారు.