మంచం, బల్ల, ఆఫీసు: ఒకటే చెక్క

ఆర్వీల (చక్రాల మీది ఇళ్ల) మ్యూజియం చూసి రాయమన్నారు ఎడిటరుగారు. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో 80 శాతానికి పైగా ఇండియానా రాష్ట్రానివే, అందులోనూ ఎల్కార్ట్ చుట్టుపక్కలవే ఎక్కువ. 1913 నాటి ఎర్ల్ ట్రైలరు, నటి మే వెస్ట్ కోసం 1931లో చేయించిన ఇల్లులాంటి బండి ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. చూశాను, బాగున్నాయి. రాయాల్సింది మాత్రం అదే ఊళ్లో ఒక రిపేరు షెడ్డులో దొరికింది. మా పిన్ని కూతురు కాపురముంటున్న మోటార్‌హోమ్ కప్పు కారి అక్కడే ఆగివుంది.

ఇరవై నాలుగడుగుల బండిలో మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు. మరిదిది కాంట్రాక్టు ఉద్యోగం, ప్రాజెక్టు మారితే ఊరు మారాలి. అద్దె ఇళ్ల వేట విసుగొచ్చి ఇందులోకి దిగారు. అమ్మేవాళ్లు గొప్పగా చూపించే బల్ల ఒకటుంది, దించితే మంచమైపోతుంది. దాన్ని దించేదీ లేపేదీ మా చెల్లెలు.

"అక్కా, పొద్దున ఆయన మీటింగు ఈ బల్ల మీదే. అయ్యేదాకా పిల్లలు పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తింటారు. రాత్రి ఇదే పెద్దాడి పక్క. వాడు పడుకున్నాక మంచినీళ్లు కావాలన్నా వాడి మీంచి చెయ్యి చాపాలి."

తాలింపు వేస్తే పొగ అలారం అరుస్తుంది. ఏసీ, ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్ కలిపి వేస్తే 30 ఆంపియర్ల బ్రేకరు పడిపోతుంది. వేడినీళ్ల ట్యాంకు 6 గాలన్లు, అంటే మన బకెట్టు కన్నా కాస్త ఎక్కువ. మనవాళ్లకు చెంబు లేనిదే కుదరదు కదా, మురుగు ట్యాంకు త్వరగా నిండుతుంది. దాన్ని ఖాళీ చేయడం మరిది వంతు. ఆ ఒక్క పనికే ఊరంతా ఆయన్ని మెచ్చుకోవాలి! దొర్లిపోతాయని పప్పుల డబ్బాలన్నీ పలకలవి కొంది చెల్లెలు. పిండి రెండురోజులకు సరిపడానే రుబ్బుతుంది, ఫ్రిజ్‌లో అంతకుమించి చోటు లేదు.

కప్పు మీద నెరిసిన జుట్టు మెకానిక్ మోకాళ్ల మీద పాకుతున్నాడు. గాలి వెంటు చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ పోయి, మెత్తగా తగిలిన చోట ఆగాడు. కప్పు మీది రబ్బరు తెగకుండా ప్లాస్టిక్ పలకతో పాత సీలెంటు లేపాడు. కిందున్న ప్లైవుడ్డు టీలో నానిన బిస్కెట్టులా ఊడొచ్చింది. అది కోసేసి, కొత్త ముక్క బిగించి, సీలెంటు పోశాడు. అదే పాకి సర్దుకుంది. ఒకప్పుడు ఫ్యాక్టరీలో చేశాడట. అక్కడ కూలి బండికింత, ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా ఇంటికి. మరమేకు పడాల్సిన చోట పిన్ను పడుతుందన్నాడు, తప్పు ఎవరిదో చెప్పకుండా.

నాకు ఒళ్లు మండింది. ఈ బండి తాత్కాలికంగా ఉండడానికే అని తయారీదార్లు కాగితాల మీద రాసుకుంటారు. ఏడాది పొడుగునా అందులోనే కాపురముంటే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు ముందే చేతులు దులుపుకుంటాయి. జనం ఉంటున్నారని వాళ్లకు తెలియదా? తెలుసు. సెలవుకొచ్చే ఇద్దరికి సరిపోయే గది గీసి, నలుగురు పడుకోవచ్చని అమ్ముతారు. పడుకోవడం ఒక్కటేనా కాపురం? గీసినవాడు ఒక్కపూట అందులో నలుగురికి వండి వడ్డిస్తే తెలిసేది.

ఇంకేమైనా ఉందా అని దిగొచ్చిన మెకానిక్ అడిగాడు. మరిది నోరు తెరిచేలోపే, పొయ్యి గట్టు పక్కన మడిచే పలక ఒకటి కావాలంది చెల్లెలు, పిల్లలు తినడానికి. ఆయన టేపు తీసి కొలిచాడు. ఎంతవుతుందన్నాడు మరిది. ఆమె అప్పటికే కార్డు తీసింది.